మైదానమునందలి గరికయు, తుంగయు

వేసవి సెలవులు ముగిసి జూను మాసమున బడులు తెరచునప్పటికి ఏలూరు మొదలుకొని తాడేపల్లిగూడెము వరకు గల పాఠశాలల మైదానములు చాలవరకు నొక్క రీతిగనే కానవచ్చును. ఒకచోట నున్నని బోడినేల; దాని ప్రక్కనే మోకాలెత్తు గడ్డిచామంతి; గోలు కంబముల కడ గుంటలు; ప్రహరిగోడ యోరగా వయ్యారిభామ; తొలకరి కురిసిన నాలుగవ నాటికి ఎల్లయెడల తుంగమొలకలు. వీని నడుమ అచ్చటచ్చట గరిక మాత్రము తన కణుపులను నేలకు హత్తించుకొని ప్రాణము నిలుపుకొని యుండును. చెడుగుడాడుచు పడిన బాలుని మోకాలు గీచుకొనిపోవును. చెప్పులు విడిచి పరుగెత్తిన బాలిక పాదమున పల్లేరుకాయ నాటుకొనును. ఇది చూచిన పెద్దలు, “మైదానము పాడైపోయినది, అంతయు త్రవ్వించి, కడియమునుండి పచ్చిక పలకలు తెప్పించి పరపింతము” అని పలుకుట కద్దు. అట్లు చేయుట అవసరమా? లేక ఉన్న గరికనే బాగుచేసికొనవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము. ఖర్చెంతయో తలచుకొనినచో ఇది చిన్న ప్రశ్న కాదు. పచ్చిక పలకలకు వెచ్చించు ధనముతో ఒక తరగతిగదికి బల్లలు చేయింపవచ్చును.

మొదట నొక మాట. ఇంటిముందు పచ్చిక పెంచుట మనవారి వాడుక కాదు. మన ముంగిళ్ళు ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టినవి. పుట్టలును, పాములును విరివిగా గల మన డెల్టా ప్రాంతమున ముంగిలి బోసిగా నుండుటలో గొప్ప వివేకము గలదు. పింజరి దాగుటకు చోటుండదు. నేలపై కత్తిరించిన పచ్చిక యుండవలెనను అభిరుచి ఇంగ్లండునుండి బంగళాలతో పాటు వచ్చినది. ఆ దేశము చల్లనిది. అచట సంవత్సరము పొడుగునను తుంపర పడుచుండును. అచ్చటి మెత్తని గడ్డిజాతులు మన మే నెల యెండకు నిలువజాలవు. కావున ఇచ్చట నాటిన తోటలందెల్ల ఆ దేశపు గడ్డిని విడిచి, మన పొలము గట్లపై నున్న గరికనే పచ్చికగా జేసికొనిరి. తోట యితర దేశముదైనను గడ్డి మనదే. ఆటమైదానమునకు మాత్రము పచ్చిక అలంకారము కాదు. పడినవానికి పరుపు, వానకు కొట్టుకొనిపోకుండ మట్టికి కాపు, వేసవిలో దుమ్ము లేవకుండ కప్పు. అందుచేత పాఠశాలకు అది యవసరమే యని నేను తలచుచున్నాను.

గరికను వినాయక చవితినాడు దూర్వాయుగ్మముగా పూజకు తెచ్చుట హిందువులైన మన విద్యార్థులందరెరుగుదురు. దాని స్వభావమును మాత్రము కొలదిమంది గమనించి యుందురు. ఇది రెండు విధముల వ్యాపించును. నేలపై ప్రాకు తీగ యొకటి. నేలలో ప్రాకు దుంపతీగ యొకటి. రెంటికిని కణుపులున్నవి. ప్రతి కణుపునుండియు క్రిందికి వేరును, మీదికి మొలకయు పుట్టగలవు. అందుచేత పశువు మేసినను, కాలు త్రొక్కినను, ఎండకు పైయాకు మాడినను, నేలలోని తీగ బ్రతికియుండి తొలి వానకు చిగిర్చును. మే నెలలో గరిక గోధుమవన్నెకు తిరిగినదనిన చచ్చినదని యనుకొనరాదు, నిద్రించుచున్నది. గోటితో నేలను గీరి తీగ ముక్క నొకటి తీసి విరిచి చూడుడు. లోపల తెల్లగా, తేమగా నున్నచో అది జీవించియే యున్నది.

ఈ గరికపై విదేశీయులును మిగుల శ్రమపడిరి. అమెరికా దేశమున జార్జియా రాష్ట్రమునందలి టిఫ్టన్ అను పట్టణమున గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడు మన గరికను ఆఫ్రికాఖండపు సన్నగరికతో సంకరపరచి, మెత్తని పచ్చిక రకములను సృష్టించెను. వానిలో పేరుపొందిన టిఫ్‌వే అను రకము 1960లో వెలువడినది. ఈ సంకరజాతులకు మొలకెత్తు విత్తనము లేదు, తీగముక్కలే నాటవలెను. అదే శాస్త్రజ్ఞుడు సజ్జపైరునందును కృషిచేసెను. 1965లో మన దేశమున వెలువడిన మొదటి సంకర సజ్జకు తల్లివంశము టిఫ్టన్‌నుండి వచ్చినదే. పచ్చిక కొరకు పాటుపడినవాని చేతి పని మన రైతుల సజ్జచేలకు చేరుట విద్యార్థులు గుర్తుంచుకొనదగిన సంగతి.

ఇట్టి మొండి గడ్డి మన మైదానములలో ఏల నశించుచున్నది? కలుపు మొలచుటచేత గరిక చచ్చినదని సామాన్యముగా చెప్పుదురు. నా యభిప్రాయమున పెక్కుచోట్ల జరిగినది దానికి తలక్రిందులు: గరిక చచ్చినచోట కలుపు మొలచినది. కావున ముందుగా గరిక చచ్చిన కారణము కనిపెట్టవలెను.

మన ప్రాంతమున నేలలు రెండు తెరగులు. తాడేపల్లిగూడెమునకు ఉత్తరముగా, వెంకటరామన్నగూడెము దిక్కున మెట్టనేల, ఎఱ్ఱని గరపమట్టి, నీరు త్వరగా ఇంకిపోవును, త్వరగా ఆరిపోవును. అచ్చటనే 2007లో ఉద్యానవన విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. ఏలూరునకు దక్షిణముగా కొల్లేటి దిక్కునకు దిగినకొలది నల్లరేగడి. అది తడిసినప్పుడు జిగురు, ఎండినప్పుడు రాయి. వేసవిలో బారెడు పగుళ్ళు విచ్చును. ఎఱ్ఱనేలలో గరికకు కరువగునది నీరు. నల్లనేలలో కరువగునది గాలి. తడిసిన నల్లమట్టిపై వందలకొలది పాదములు త్రొక్కినప్పుడు మట్టిరేణువులు ఒకదానికొకటి అణగిపోయి, వాని నడుమ నుండవలసిన గాలి వెడలిపోవును. వేరునకు ఊపిరాడదు. షామియానా వేసి కుర్చీలు పరచిన సభ యొక్క మరునాడు మైదానమును చూచినవారికి ఇది బోధపడును. ముఖ్యముగా వాన వెలసిన వెంటనే సభ జరిగినచో, ఆ కుర్చీకాళ్ళ గుంటలు సంవత్సరమంతయు నిలుచును. అట్టిచోట గరిక పోయి గలిజేరును, నేలయుసిరికయు, త్రొక్కుడుకు తాళు ఇతర మొక్కలును స్థలమాక్రమించును.

రెండవ కారణము నీడ. గరికకు నిండు ఎండ కావలెను. నిద్రగన్నేరు చెట్లు విశాలముగా కొమ్మలు చాచియున్న మిషను ఆవరణములలో వాని క్రింద గరికను మరల మరల నాటి విసిగినవారిని నేనెరుగుదును. చెట్టును నరుకుట యన్యాయము. గడ్డిని నాటుట వ్యర్థము. అచట ఇసుక పోయించి, అరుగులు కట్టించి, పిల్లలు భోజనము చేయుటకు విడుచుట మంచిది. నీడకు కొంత తాళునట్టి వెడల్పాకు గడ్డిజాతులు నర్సరీలలో దొరకును గాని ఆటత్రొక్కుడుకు అవి నిలువవు.

ఇక తుంగ సంగతి. దీనిని గూర్చి కొంచెము విస్తరించి వ్రాయక తప్పదు. ఎందుకనగా మైదానములను బాగుచేయ బూనినవారిలో పెక్కుమంది ఓడిపోయినది దీని చేతనే. 1977లో ప్రకటితమైన ప్రపంచపు చెడు కలుపుమొక్కలను గూర్చిన గ్రంథమున మొదటి స్థానము ఈ తుంగకే యియ్యబడినది. తొంబదికి పైగా దేశములలో రైతులు దీనితో పెనుగులాడుచున్నారు. వైద్యులు మాత్రము దీని గడ్డలను తుంగముస్తలని పేరిడి, కషాయములకు వాడుదురు. పరిమళము గల ఆ గడ్డలను తలంటి పొడులలోను చేర్చుదురు. ఆ గడ్డలే మన కష్టమునకు మూలము.

బాలబాలికలు తుంగను గుర్తించుట సులభము. కాడను వ్రేళ్ళ నడుమ దొర్లింపుడు. గరిక కాడ గుండ్రముగా దొర్లును; తుంగకాడకు మూడు పలకలుండుటచే అది యెగిరెగిరి తిరుగును. ఆకులు మూడు వరుసలుగా నుండును. దీని పీకినప్పుడు చేతికి వచ్చునది మొక్క మాత్రమే. సన్నని దారమువంటి వేరు తెగి, నల్లని గడ్డ నేలలోనే నిలిచిపోవును. ఒక గడ్డనుండి దారము, దాని చివర మరియొక గడ్డ, దానినుండి మరల దారము — ఇట్లు జపమాలవలె భూమిలో గొలుసు కట్టి యుండును. చాలభాగము గడ్డలు పైనున్న అరయడుగు మట్టిలోనే యుండును గాని కొన్ని అడుగు లోతునకును దిగును. గొలుసులో ఒక్క గడ్డ మొలకెత్తియున్నంత వరకు తక్కినవి నిద్రించును. పారతో నరికి గొలుసును ముక్కలు చేసినచో నిద్రించుచున్న గడ్డలన్నియు ఒక్కుమ్మడి మేల్కొని, ఒక్క మొక్క యున్నచోట పది మొక్కలు లేచును. కలుపు తీయించిన పదునైదు దినములకు తుంగ ఇనుమడించినదని వాపోవువారు అబద్ధమాడుట లేదు.

నేనును ఈ పొరపాటు చేసినవాడనే. ఒకప్పుడు మైదానములోని గుంటలు పూడ్చుటకై, చెరువుమట్టి సారవంతమైనదను మాట నమ్మి, రెండు ట్రాక్టర్ల మట్టి తోలించి చదును చేయించితిని. చూచుటకు నల్లగా, ముద్దుగా నుండెను. రెండు వానలు కురియుసరికి ఆ పూడ్చిన గుంటలన్నియు, ఎవరో కొలిచి నాటినట్లు, తుంగతో నిండిపోయెను. ఆ మట్టిలో ఎన్ని గడ్డలున్నవో చూచుకొనవలెనను తలంపు నాకు అప్పుడు కలుగలేదు. ఇప్పుడైనచో, మట్టిని బండి దింపకముందే రెండు దోసిళ్ళు తీసి గోనెపై పోసి, ముక్కలు చిదిపి చూతును. నల్లని గడ్డ యొక్కటి కనబడినను బండిని త్రిప్పి పంపుదును. కొని తెచ్చు పచ్చిక పలకల విషయమునను ఇంతే. పలకను బోర్లించి అడుగుమట్టి చూడక కొనరాదు.

మత్తయి సువార్త 13వ అధ్యాయమునందలి గురుగుల యుపమానము మన పాఠశాలలో అందరికి తెలిసినదే. అచ్చటి యజమానుడు గోధుమలు కూడ పెరుకబడునని తలచి, గురుగులను కోతవరకు పెరుగనిమ్మని దాసులకు చెప్పెను. ఒక విద్యార్థి దీనిని చూపి, “అయ్యా, అట్లైన మనమేల కలుపు తీయవలెను?” అని యడిగినాడు. ప్రశ్న మంచిదే. గోధుమ కొన్ని నెలలలో కోతకు వచ్చు పైరు. గరికకు కోతకాలము లేదు. మరియు పల్లేరువంటి ఏకవార్షికములకు పూవు పూచి కాయ ముదురునంతవరకు గడువిచ్చినచో, రాలిన ముండ్లకాయలు కొన్ని సంవత్సరములు నేలలో జీవించి మొలచుచునే యుండును. వానిని పసుపుపచ్చని పూవు కనబడకమునుపే తీసివేయవలెను. అయినను ఆ యజమానుని జాగ్రత్తలో ఒక భాగము మనకును పనికివచ్చును: గరిక దట్టముగా నున్నచోట తుంగకొరకై నేలనంతయు తలక్రిందులు చేయరాదు.

అట్లైన తుంగను ఏమి చేయవలెను? రెండు మార్గములున్నవి. గరిక బొత్తిగా లేని బోడినేలలలో వేసవి యెండను ఆయుధముగా వాడుకొనవచ్చును. గడ్డకు ప్రాణము తేమ. దారములు తెగి మట్టి పైకి వచ్చి మండుటెండలో రెండు మూడు వారములు ఎండిన గడ్డ మరల మొలవదు. కాని నల్లరేగడి మే నెలలో గునపమునకు లొంగదు. కావున మార్చి, ఏప్రిలు నెలలలో ఒక జల్లు కురిసినను, కాలువ కట్టివేయకముందు ఒక తడి పెట్టినను, పదును చూచి అరయడుగు లోతున త్రవ్వి, పెళ్ళలను తిరుగవేసి ఎండబెట్టవలెను. సెలవులలో మైదానము ఖాళీగా నుండుట దీనికి అనుకూలము. నడుమ వాన కురిసి మొలకలు వచ్చినచో విచారింపనక్కరలేదు. మేల్కొనిన గడ్డను మరల త్రిప్పి ఎండగట్టవచ్చును.

గరికయు తుంగయు కలిసియున్నచోట రెండవ మార్గము. మొలచిన నాలుగైదు వారములకు తుంగ క్రొత్త గడ్డలను కట్ట నారంభించును. అంతకుముందే, అనగా పదునైదు దినములకొకసారి, వాన వెలసి నేల మెత్తగా నున్నప్పుడు, సన్నని పలుగును మొక్క ప్రక్కన దింపి, మట్టిని కొంచెము లేపి, గడ్డతో కూడ వెలికి తీయవలెను. గడ్డ రాక మొక్క మాత్రమే వచ్చినను శ్రమ వృథా కాదు. మరల మొలచుటకు గడ్డ తనలోని నిలువ ఆహారమును వ్యయపరచుకొనును. ఆకు పెరిగి ఆ లోటు తీర్చుకొనకముందే మరల తీసినచో క్రమముగా క్షీణించును. ఇది ఒక్క వర్షకాలమున ముగియు పని కాదు. రెండు సంవత్సరములు విడువక చేసిన వారికి ఫలము కనబడును. మూడు పర్యాయములు చేసి మానినవారు చేయనివారితో సమానులే. ఈ లోపల గరిక దట్టముగా అల్లుకొనినచో దాని నీడయే తుంగను అణచును, ఏలయన తుంగకును నీడ గిట్టదు.

కలుపుమందులను గూర్చి అడుగుదురు. తుంగను చంపు మందులు లేకపోలేదు. అయినను చిన్నపిల్లలు ఉత్త కాళ్ళతో తిరుగు నేలపై, కొలత తెలియని చేతులతో వానిని చల్లుట నాకు సమ్మతము కాదు. గ్లైఫోసేట్ అను మందు గరికను తుంగను రెంటిని కూడ కాల్చును. దానిని శిక్షణ పొందిన పురుగు నివారణదారులు తప్ప ఇతరులు వాడరాదని భారత ప్రభుత్వము 2022లో నిర్బంధించినది. పారాక్వాట్ అను మరియొక మందు మ్రింగినవానికి విరుగుడు లేదు. అట్టి సీసా పాఠశాల సామానుల గదిలో నుండుటకంటె మైదానమంతయు తుంగ మొలచియుండుట మేలు.

వయ్యారిభామను పీకువారు చేతికి తొడుగు వేసికొనవలెను. దాని పుప్పొడియు, ఆకును తగిలి కొందరికి చర్మము దద్దురులెక్కును, ఆయాసము వచ్చును. ఇది 1955 ప్రాంతమున పూనాలో మొదట గుర్తింపబడి, తరువాత దేశమంతట వ్యాపించినది. చిన్నపిల్లలచేత ఈ పని చేయింపరాదు. అత్తిపత్తి ముట్టినచో ముడుచుకొనునని పిల్లలు ముచ్చటపడుదురు గాని దాని కాడకు ముండ్లున్నవి. ఒక కుండలో నొక మొక్క నుంచి తక్కినవి తీసివేయవచ్చును. నేలపై రాలియున్న పల్లేరుకాయలకు ఒక సుళువు గలదు. పాత గోనెసంచిని తడిపి, త్రాడు కట్టి, మైదానముపై ఈడ్చినచో కాయలు గోనెకు గ్రుచ్చుకొని వచ్చును. పిమ్మట గోనెతో సహా కాల్చివేయవలెను.

ఇంతకును మొదటి ప్రశ్న నిలిచియున్నది: బాగుచేయవలెనా, క్రొత్తగా వేయవలెనా? దీనిని వాదించి తేల్చుటకంటె కొలిచి తేల్చుట మేలు. వెదురుబద్దలతో గజమునకు కొంచెము మించిన, అనగా ఒక మీటరు చదరపు చట్రమును చేసి, దారములు కట్టి నూరు గళ్ళుగా విభజింపుడు. మైదానమున ఇరువది చోట్ల దానిని వేసి, ఎన్ని గళ్ళలో గరిక యున్నదో, ఎన్నింట కలుపున్నదో, ఎన్ని బోడిగా నున్నవో లెక్కించి వ్రాయుడు. ఎనిమిదవ తరగతి విద్యార్థులు ఒక్క మధ్యాహ్నములో చేయగల పని. సగము గళ్ళకు మించి గరిక యున్నచో త్రవ్వి పారవేయనక్కరలేదు. ఉన్నదానికి వేరాడునట్లు చేసి, బోడిచోట్ల అతుకులు వేసిన చాలును. సగమునకు తక్కువైనచో ఆ భాగమును క్రొత్తగా నాటవలెను. సాధారణముగా మైదానమంతయు ఒక్క రీతిగా నుండదు. గోలుల ముందర ఒక లెక్క, మూలలందు వేరొక లెక్క తేలును. పనియు అట్లే భాగములుగా చేయవచ్చును.

అణగిన నేలకు గునపముతో జేనకొక రంధ్రము చొప్పున నాలుగంగుళముల లోతున పొడిచి, ఇసుకయు బాగుగా మాగిన యెరువును కలిపి రంధ్రములలో నింపవలెను. ఈ పని నేల కొంచెము పదునుగా నున్నప్పుడే చేయవలెను. బురదలో పొడిచినచో రంధ్రపు గోడలు మెరుగు పెట్టినట్లు బిగిసిపోవును. నల్లమట్టిపై ఇసుకను పలుచగా పొరవలె చల్లుటవలన లాభము లేదు. తాడేపల్లిగూడెము ప్రాంతపు బియ్యపుమిల్లులలో దొరకు ఊకబూడిదను ఎరువుతో కొంత కలుపుకొనవచ్చును. పచ్చిపేడ నేరుగా వేయరాదు. పశువు మేసిన గడ్డివిత్తులు కొన్ని దానిలో జీవించియే యుండును. గుంతలో మాగి, వేడెక్కి, చల్లారిన యెరువు వేరు.

నాటుటకు జూను చివరనుండి జూలై వరకు మంచి కాలము. రెండు మూడు కణుపులుగల గరిక ముక్కలను అరయడుగు ఎడముగా నాటి, ఒక కణుపైనను మట్టిలో నుండునట్లు అదుమవలెను. చదరపు మీటరునకు సుమారు 44 ముక్కలు పట్టును. తీగను తుంగలేని గట్టునుండి తెచ్చుకొనవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. మరియొక పద్ధతి మన స్త్రీలకు చిరపరిచితమైనది: అలుకుట. గరికను అంగుళపు ముక్కలుగా తరిగి, మెత్తనిమట్టి, మాగిన పేడయెరువు, బూడిద, నీరు చేర్చి ముద్దగా కలిపి, తడిపిన నేలపై అంగుళము మందమున మెత్తవలెను. పైన వరిగడ్డి పలుచగా కప్పి తడుపుచుండిన కొలది దినములలోనే మొలకలు లేచును. చిన్న అతుకులకు ఇది శ్రేష్ఠము. పెద్ద వాన వచ్చినచో కొట్టుకొనిపోవును గనుక వాలు నేలకు పనికిరాదు. నాటిన భాగమునకు త్రాడు కట్టి ఆరు వారములైనను పాదము మోపనీయరాదు. ఈ కట్టడి నిలుపుట తక్కిన పనులన్నిటికంటె కష్టము. బంతి ఆ త్రాటి లోపలికే దొర్లును.

నీటి లెక్క యొకటి చేయుదము. అరువది మీటర్ల పొడవు, నలువది మీటర్ల వెడల్పు గల మైదానము వైశాల్యము 2,400 చదరపు మీటర్లు. వారమునకు 25 మిల్లీమీటర్ల తడి, అనగా సుమారు అంగుళము ఇయ్యవలెనన్నచో 60,000 లీటర్ల నీరు కావలెను. వానకాలమున ఆకాశమే ఇచ్చును. వేసవిలో ఎవరియ్యవలెను? 1847లో ఆరంభింపబడి 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చు గోదావరి నీరును, బెజవాడనుండి వచ్చు కృష్ణ నీరును ఏలూరులో కాలువలుగా కలిసికొనుచున్నను, ఎండకాలమున మరమ్మతులకై ఆ కాలువలను కట్టివేయుట వాడుక. కొల్లేటి లంకలలో చుట్టును నీరుండియు త్రాగుటకు నీరు లేక కడవలతో దూరము పోవు కుటుంబముల పిల్లలు మన తరగతులలో నున్నారు. అట్టి మే నెలలో మైదానమును పచ్చగా నుంచుటకు వారమునకు అరువదివేల లీటర్లు పోయుట సరికాదని నా నిశ్చితాభిప్రాయము. గరికను నిద్రింపనిండు. క్రొత్తగా నాటిన అతుకులకు మాత్రము, తరగతిగదుల చేతులు కడుగు తొట్ల నీటిని మళ్ళించి ప్రాణము నిలుపవచ్చును. తడి పెట్టునప్పుడు దినదినము చిలకరించుట కంటె వారమునకొకసారి లోతుగా తడుపుట మంచిది. పైపై తడికి వేరు పైపైననే ప్రాకి, ఎండకు ముందుగా మాడును.

కొల్లేటికి సమీపమున బోరునీరు ఉప్పదేలినచోట్లు కలవు. గరిక కొంత ఉప్పును సహించును గాని ఏటేట తడిపిన ఉప్పు నేలపై తెల్లని చవుడుగా పేరుకొనును. అట్టిచోట మట్టిని పరీక్ష చేయించిన పిమ్మటనే జిప్సము వేయవలెను. నీరు వెడలిపోవుటకు కాలువ లేక జిప్సము ఒక్కటి వేసిన ప్రయోజనము స్వల్పము.

నీటి దారి మాట వచ్చినది గనుక కొల్లేటిని గూర్చియు నాలుగు వాక్యములు. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి కొల్లేటిలో పడును. వెలుపలికి పోవు దారి ఉప్పుటేరొక్కటే. ఈ సరస్సు 1999లో పక్షుల రక్షితస్థలముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సార్ పట్టికలో చేరినది. 2006లో చేపలచెరువుల గట్లను ప్రభుత్వము పెద్దయెత్తున కొట్టించినది. అచ్చట నీటిని కప్పివేయు గుర్రపుడెక్క దక్షిణ అమెరికానుండి వచ్చిన మొక్క. దానిని పడవలతో లాగి గట్టున వేయించుట అనేక పర్యాయములు జరిగినది. అది మరల మరల పెరిగినది. పట్టణపు మురుగు, పొలముల యెరువు, చెరువుల మేత వచ్చి చేరుచుండగా, నీరు కదలక నిలిచియుండగా, ఆ మొక్కకు లోటేమి? మన మైదానమునందలి బోడిచోట మొలచు తుంగ కథయు ఇట్టిదే, కొలతలో మాత్రమే భేదము. గుర్రపుడెక్కను ఎరువుగా మాగబెట్టుకొనవచ్చును గాని పూర్తిగా మాగని దానిని మైదానమునకు తేరాదు.

కోయుటను గూర్చి కొలదిగా. వానకాలమున వారమునకొకసారి కోయుడు. ఎప్పుడును ఆకుపొడవులో మూడవవంతుకంటె హెచ్చు తీయకుడు. ఒకటిన్నర అంగుళముల యెత్తు ఆటకు చాలును; అంతకంటె పొట్టిగా చెక్కినచో నేల కనబడి కలుపువిత్తులకు వెలుగు తగులును. మొద్దుబారిన కత్తి ఆకును కోయక చీల్చును, చీలిన కొనలు మరునాటికి తెల్లబారును. జూలైనుండి సెప్టెంబరు వరకు నెలకొకసారి, నూరు చదరపు మీటర్లకు ఒక కిలో యూరియా, ఆకు పొడిగా నున్నప్పుడు చల్లి వెంటనే తడిపినచో గరిక త్వరగా అల్లుకొనును. అంతకు మించి వేసినచో పెరుగునది పచ్చిక కాదు, కోతకూలి.

చివరకు మిగులునది గేటునుండి వసారాకు పిల్లలు అడ్డముగా త్రొక్కిన దారి. ప్రతి పాఠశాలకును అట్టి దారి యొకటి యుండును. దానిపై గరిక నాటుట, ముండ్లకంప వేయుట, బోర్డు పెట్టుట, దండించుట — అన్నియు చూచినదే. మరునాడుదయము గంట కొట్టుసరికి పాదములు మరల ఆ దారినే పట్టును. ఆ దారి నిడివిని కొలిచి, రెండు మూరల వెడల్పున ఇటుకలు పరపించినచో దాని రెండు ప్రక్కలనున్న గరిక ఆ యేడే కోలుకొనును. వెదురుచట్రమును విజ్ఞానశాస్త్రపు గదిలో తలుపు వెనుక వ్రేలాడదీసి, ఈ యేటి లెక్కలు వ్రాసిన పుస్తకమును దానితోనే యుంచవలెను. నవంబరులో వానలు వెనుకబట్టిన తరువాత అవే ఇరువది చోట్ల మరల లెక్కింపవలసియున్నది.